సాంస్కృతిక వసూలు

తవిటయ్య బ్యాంకు ఖాతా ఆగిపోయిన సంగతి తవిటయ్య కన్నా ముందు కూరలమ్మే మనిషికి తెలిసింది. రెండు కిలోల టమాటాలు, పావుకిలో పచ్చిమిరపకాయలు సంచీలో వేయించుకుని, ఆమె తక్కెడ పక్కన అంటించిన స్కానరు కాగితానికి ఫోను చూపించి నలభై ఎనిమిది రూపాయలు నొక్కాడు. ఫోను కాసేపు ఆలోచించి, ఎర్రబడి, కుదరదు పొమ్మంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పొమ్మంది.

"డబ్బుల్లేవేటి మాస్టారూ?" అందామె.

"లచ్చా ముప్పై ఏడు వేలుంటే లేవంటావేటి?" అని రోషంగా అనేసి, సంతలో నిలబడి అనకూడని మాట అన్నానని నాలిక కరుచుకున్నాడు.

"లచ్చా ముప్పై ఏడు వేలున్న మనిసివి నలభై ఎనిమిది ఇయ్యలేవా?" అని ఆమె సంచీ తిరగేసి టమాటాలు తన గంపలో పోసుకుంది. పచ్చిమిరపకాయలు మాత్రం జాలిపడి వదిలేసింది.

సీతమ్మవలసలో తవిటయ్యని ఎరగని వాళ్ళు లేరు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బ్యాండు మేళానికి ఆయన మాస్టారు. ముందు ఆయన క్లారినెట్టు, వెనక బాకాలు, డ్రమ్ములు, తాళాలతో ఏడుగురు మనుషులు. రెండేళ్ళ కిందట పాత వాయిద్యాలు సొట్టలు పడి అపస్వరాలు పలుకుతుంటే, ప్రజాబాంధవ బ్యాంకులో రెండు లక్షల రుణం తీసుకుని కొత్తవి కొన్నాడు. నెలకి ఆరువేల నాలుగు వందలు కిస్తీ. ప్రతినెలా పదో తేదీన ఆయన ఖాతాలోంచి బ్యాంకు తనంతట తనే కోసుకుంటుంది. ఒక్క నెల తప్పలేదు. తప్పితే వాయిద్యాలు వేలం వేస్తారు. అప్పుడు ఎనిమిది కుటుంబాలు గాలికి పోతాయి. అందుకని తవిటయ్య తిండి తగ్గించుకున్న రోజులున్నాయి గానీ కిస్తీ తగ్గించిన రోజు లేదు.

ఆ పచ్చిమిరపకాయల సంచీతోనే బ్యాంకుకి పోయాడు.

బ్యాంకులో ఒక బల్ల వెనక రెండు కుర్చీలున్నాయి. ఎడమ కుర్చీ మీద 'ఖాతాల స్తంభన విభాగం' అనీ, కుడి కుర్చీ మీద 'రుణాల వసూలు విభాగం' అనీ బోర్డులు వేలాడుతున్నాయి. ఇద్దరు ఆఫీసర్లలో ఒకాయన రిటైరయ్యాక కొత్త మనిషిని వేయలేదు. రెండు కుర్చీలకీ కలిపి వరాహమూర్తి గారొక్కరే మిగిలారు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. లంచం ముట్టడు, విసుక్కోడు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిస్తాడు. నిబంధనంటే మాత్రం ఆయనకి ప్రాణం.

ఎడమ కుర్చీలో ఉన్న వరాహమూర్తి గారు కంప్యూటరు చూసి చెప్పారు: "అనుమానాస్పద జమ కారణంగా తమరి ఖాతా స్తంభింపజేయబడినది. జూన్ తొమ్మిదవ తేదీ, సాయంత్రం ఆరు గంటల పద్నాలుగు నిమిషములకు, యాభై ఒక్క రూపాయలు."

తవిటయ్యకి గుర్తొచ్చింది. ఆవేళ పెళ్ళి ఊరేగింపు. పూర్వం ఊరేగింపులో చిందులేసేవాళ్ళు పదో ఇరవయ్యో మేళగాళ్ళ టోపీల్లో గుచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎవరి జేబులోనూ నోటుండదు కాబట్టి తవిటయ్య పెద్ద డ్రమ్ముకి స్కానరు కాగితం అంటించాడు. చిందేసేవాడు చిందేస్తూనే వచ్చి డ్రమ్ముకి ఫోను చూపించి, ఉత్సాహం కొద్దీ నొక్కి పోతాడు.

"ఎక్కడో పరాయి రాష్ట్రంలో ఎవరినో ఎవరో మోసగించిరి. ఆ సొమ్ము పదకొండు ఖాతాలు మారి, పన్నెండవ మజిలీగా మీ డ్రమ్మును చేరినది," అన్నారు వరాహమూర్తి.

"అయితే ఆ యాభై ఒకటీ పట్టుకుపోండి బాబూ. మిగతాది ఒగ్గీయండి."

"ఏ యాభై ఒకటి?"

"నా డబ్బులోదేనండి."

"అదే నేనడుగుతున్నది. తమరి లక్షా ముప్పై ఏడు వేలలో ఏ రూపాయలు నేరమయములు, ఏవి నిర్దోషములు? గుర్తుపట్టగలరా? పట్టలేరు. నేనూ పట్టలేను. అట్టి పరిస్థితిలో మొత్తము సొమ్మును సమానంగా అనుమానించడమే నిష్పక్షపాతము. సాంబారులో బల్లి పడితే బల్లిని తీసేసి వడ్డించరు గదా."

తవిటయ్యకి తన లక్షా ముప్పై ఏడు వేలు ఒక పెద్ద సాంబారు గుండిగలా కళ్ళముందు కనిపించింది.

"మరేటి సెయ్యమంటారు?"

"ఆ యాభై ఒక రూపాయలు చెల్లించిన వ్యక్తిని గుర్తింపు కార్డుతో సహా హాజరుపరచవలెను. సదరు సొమ్ము కేవలము నాట్యానందము నిమిత్తము ఇవ్వబడినదని అతడు వాంగ్మూలం ఇవ్వవలెను. ఎలా ఉంటాడు?"

"తలగుడ్డ సుట్టుకున్నాడండి. రోడ్డు మీద బోర్లా పడి పాములాగ పాకినాడు. మొకం మట్టిలోనే ఉండిపోనాది. నాను సూళ్ళేదు."

"మొహము చూడకుండా సొమ్ము స్వీకరించితిరి," అంటూ వరాహమూర్తి అదీ ఫైల్లో రాసుకున్నారు.

"పోనీ, వచ్చే పదో తారీకు కిస్తీ ఎలగండి? కాతా ఆగిపోతే ఎలా కోస్తారు?"

"అది ఆ కుర్చీ," అన్నారాయన. అని లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కుడి కుర్చీలో కూర్చుని, కండువా సర్దుకుని, చిరునవ్వుతో అడిగారు. "నమస్కారం. ఏం పని మీద వచ్చారు?"

తవిటయ్య అటూ ఇటూ చూశాడు. "నా కాతా ఆగిపోనాదండి."

"అయ్యయ్యో. ఎప్పుడు?"

"ఇప్పుడే గదా మీరు సెప్పినారు!"

"ఆ కుర్చీ సమాచారం ఈ కుర్చీకి చెప్పరాదు. ఖాతాదారుని గోప్యత అన్నది మాకు పవిత్రం. ఈ విభాగానికి తెలిసినది ఒక్కటే. పదో తేదీన కిస్తీ రావలెను. రానిచో అయిదు వందల తొంభై జరిమానా."

"సేతికి డబ్బు తెచ్చి కట్టేస్తానండి. అప్పో సప్పో సేసి."

"మనది నగదు రహిత ఆదర్శ శాఖ. నోట్లు ముట్టరాదు. కిస్తీ బాకీదారుని సొంత ఖాతా నుండి మాత్రమే చెల్లును. ఖాతా స్తంభించిన వ్యక్తి మరో ఖాతా తెరవరాదు. మంచినీళ్ళు తాగుతారా?"

తవిటయ్య తాగాడు. అంతకన్నా ఆ బ్యాంకులో ఆయన చేయగలిగిన పని ఏమీ కనబడలేదు.

ఇక్కడ ఆ బ్యాంకుకీ తవిటయ్యకీ ఉన్న ఇంకో లంకె చెప్పాలి. బ్రాంచి మేనేజరు శేషఫణి గారు గుంటూరు వైపు నుంచి ప్రమోషను మీద వచ్చిన ఉత్సాహవంతుడు. బాకీల వసూలుకి పంపిన మనుషులు జనాన్ని బూతులు తిట్టి బ్యాంకు పరువు తీస్తున్నారని హెడ్డాఫీసు బాధపడుతుంటే, ఆయన ఒక పథకం రాసి పంపాడు. దానిపేరు సాంస్కృతిక వసూలు. ఇకపై బాకీదారుణ్ణి తిట్టరాదు. మేళతాళాలతో మర్యాదగా అతని గుమ్మంలోకి పోవాలి. ఒక కిస్తీ తప్పితే ఒక్క క్లారినెట్టు. రెండు తప్పితే క్లారినెట్టుతో పాటు డ్రమ్ము. మూడు తప్పితే ఎనిమిది మందితో పూర్తి మేళం, ఆపైన జప్తు. మేళం వాయిస్తున్నంతసేపూ బాకీదారు గడప మీద చేతులు కట్టుకు నిలబడి తగినంత సిగ్గుపడవలెను. తగినంత సిగ్గుపడినట్టు ఆఫీసరు ధ్రువీకరించవలెను. మేళం లేకుండా చేసిన ఏ వసూలూ, ఏ జప్తూ చెల్లదు.

హెడ్డాఫీసు మురిసిపోయి ఉత్తర్వు జారీ చేసింది. శేషఫణి గారికి షీల్డు ఇచ్చింది. ఊళ్ళో ఉన్నది తవిటయ్య మేళం ఒక్కటే కాబట్టి కాంట్రాక్టు ఆయనకి వచ్చింది. దసరా దాకా గుమ్మానికి తొమ్మిది వందలు. మధ్యలో మానేస్తే పాతికవేలు జరిమానా. చెల్లింపు ఖాతాలోకే.

కొత్తలో వసూళ్ళు బ్రహ్మాండంగా జరిగాయి. క్లారినెట్టు సందు మొగలో వినబడగానే బాకీదార్లు చొక్కా తొడుక్కోకుండా బ్యాంకుకి పరిగెత్తేవాళ్ళు. తవిటయ్యకి కాస్త గర్వంగానే ఉండేది. తన ఊపిరికి ఇంత శక్తి ఉందని అంతకుముందు ఆయనకి తెలియదు.

ఖాతా ఆగాక ఆ గర్వం దిగిపోయింది. జూలై కిస్తీ తప్పింది. ఆగస్టు కిస్తీ తప్పింది. వాయించిన ప్రతి గుమ్మానికీ తొమ్మిది వందలు ఖాతాలో పడుతున్నట్టు ఫోను టింగుమని చెబుతూనే ఉంది. వేయడానికి అడ్డులేదు, తీయడానికే వీల్లేదు. మేళగాళ్ళకి కూలి ఇవ్వడానికి తవిటయ్య భార్య గౌరమ్మ ముందు చెవుల దుద్దులు, తర్వాత మేకని వదులుకుంది.

"నీ కాతాలో లచ్చా నలభై వేలున్నాయి, ఇంట్లో నలభై రూపాయల్లేవు. మనం ఉన్నోలమా, లేనోలమా? నాకర్తం కాకుండున్నాది," అంది గౌరమ్మ.

"ఉన్నోలమే. తీసుకోనేం," అన్నాడు తవిటయ్య.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ మీద ఆశ పెట్టుకున్నాడు. పెళ్ళికి తొమ్మిది వేలు నగదుగా తీసుకుంటే ఊపిరాడుతుంది. కానీ ఊరివాళ్ళకి అప్పటికి సాంస్కృతిక వసూలులో ఉన్న సుఖం తెలిసిపోయింది. ముందు బట్టల కొట్టు సూర్నారాయణ కనిపెట్టాడు. కొడుకు పెళ్ళి శ్రావణంలో పెట్టుకుని, కావాలని మే నుంచి మూడు కిస్తీలు ఎగ్గొట్టాడు. సరిగ్గా ముహూర్తం రోజున బ్యాంకు ఖర్చు మీద ఎనిమిది మంది మేళం వచ్చి గుమ్మంలో దిగింది. సూర్నారాయణ పట్టుపంచె కట్టుకుని, గడప మీద నిలబడి, వరాహమూర్తి గారి ఎదుట హాయిగా సిగ్గుపడి, భోజనాలయ్యాక మూడు కిస్తీలూ ఒకేసారి కట్టేశాడు. జరిమానా పోను ఏడు వేల పైచిలుకు మిగిలింది. మర్నాటి నుంచి పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు పెట్టుకున్నవాళ్ళందరూ బాకీపడటం మొదలుపెట్టారు. ఒకాయనకి అప్పు లేకపోతే మేళం కోసం అప్పు తీసుకున్నాడు. శ్రావణమంతా తవిటయ్య రోజుకి మూడు గుమ్మాల్లో వాయించాడు. చేతికి ఒక్క రూపాయి రాలేదు.

సెప్టెంబరు పదిన మూడో కిస్తీ తప్పింది. ఆ నెలాఖరు జాబితా ఇవ్వడానికి శేషఫణి గారు తవిటయ్యని తన గదిలోకి పిలిచారు.

"మొత్తం పద్నాలుగు గుమ్మాలు తవిటయ్యా. బాగా వాయించాలి. హెడ్డాఫీసు వాళ్ళు వీడియో అడుగుతున్నారు. చదువుకో."

తవిటయ్య చదువుకున్నాడు. ఆఖరి పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఇది నా పేరండి."

శేషఫణి గారు కాగితం తీసుకుని చూశారు. "అవునే! మూడు కిస్తీలంటే ఫుల్ మేళం, జప్తు. ఏంటయ్యా ఇది? మా కాంట్రాక్టరువై ఉండి కిస్తీ కట్టకపోతే ఎట్టా?"

"నా డబ్బు మీ దగ్గరే ఉన్నాది బాబూ. కోసుకోండి."

"ఖాతా ఫ్రీజులో ఉంటే మేమెట్టా కోసుకుంటాం? రూల్సుంటాయి గదా! చూడు, కంగారుపడమాక. గుమ్మానికి తొమ్మిది వందలు నీకు వస్తాయిగా."

"నా గుమ్మంలో నాను వాయిస్తేనా?"

"ఎవరి గుమ్మమైతే ఏంటి? రేటు రేటే."

తమ గుమ్మం వంతు వచ్చిన రోజున గౌరమ్మ వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, తలుపు దగ్గర నిలబడింది. వీధి వీధంతా అరుగుల మీదికి చేరింది. ఎర్రకోట్లు వేసుకున్న ఏడుగురు మేళగాళ్ళు తల వంచుకుని వచ్చారు. వాళ్ళకి ముందు తవిటయ్య, ఆయన పక్కన కాగితాలతో వరాహమూర్తి గారు.

"ప్రారంభించండి," అన్నారాయన.

తవిటయ్య క్లారినెట్టు నోట పెట్టుకున్నాడు. మేళం కదిలింది. వరాహమూర్తి గారు గడపవైపు చూసి చెయ్యెత్తి ఆపేశారు.

"బాకీదారు గడప మీద లేడు."

"నానే గదండీ బాకీదారు."

"మరి గడప మీద ఉండవలెను గదా!"

"గడప మీదుంటే వాయించేదెవుడండి?"

వరాహమూర్తి గారు ఉత్తర్వు తీసి మొదటి నుంచి చివరి దాకా చదివారు. బాకీదారు నిలబడవలెనని ఉంది, మేళం నాయకుడు వాయించవలెనని ఉంది, ఇద్దరూ ఒకరే కారాదని ఎక్కడా లేదు. ఆయన ముఖం వికసించింది. కాబట్టి తవిటయ్య వీధిలో పల్లవి వాయించి, పరుగున గడపెక్కి, చేతులు కట్టుకుని, డ్రమ్ములు మోగుతుండగా ఒక నిమిషం సిగ్గుపడి, మళ్ళీ పరుగున దిగి చరణం అందుకున్నాడు. నాలుగుసార్లు ఎక్కి దిగేసరికి ఊపిరి అందకుండా పోయింది. మొదట్లో నవ్విన వీధివాళ్ళు మూడోసారికి నవ్వడం మానేశారు.

ఆఖరిసారి గడపెక్కినప్పుడు గౌరమ్మ ఆయనకి మాత్రం వినబడేలా అంది: "ఇన్నాళ్ళూ ఊరోల గుమ్మాల్లో వాయించినావు. ఆళ్ళకీ ఇలాగే కాలినాది కడుపు. తెలిసిందా ఇప్పుడు?"

తెలిసింది. తవిటయ్య తల నిజంగానే వాలిపోయింది. అంతకుముందు మూడుసార్లూ పడిన సిగ్గు ఉత్తర్వు కోసం. ఈసారి పడింది తనకోసం.

"తగినంత కన్నా ఎక్కువగా ఉన్నది," అని మెచ్చుకున్నారు వరాహమూర్తి గారు. రెండు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. వాయించినట్టు ఒకటి, సిగ్గుపడినట్టు ఒకటి. తర్వాత తవిటయ్య చేతిలోంచి క్లారినెట్టు, ఏడుగురి మెడల్లోంచి మిగతావీ దింపించి రిక్షాలో వేయించారు. అవి బ్యాంకు వెనక గదిలోకి పోయాయి. నవంబరు ఇరవైన వేలం. కార్తీకం పెళ్ళిళ్ళు మొదలయ్యేది ఆ వారమే. సాయంత్రానికి ఫోను టింగుమంది. తొమ్మిది వందలు జమ.

దసరా వచ్చి పోయింది. బ్యాంకు కాంట్రాక్టూ ముగిసింది. తవిటయ్య రోజూ పొద్దున్నే లేచి, వాయించడానికేమీ లేక, వట్టి వేళ్ళు గాలిలో ఆడించుకుంటూ అరుగుమీద కూర్చునేవాడు. ఆ వేళ్ళని చూసి గౌరమ్మ ఇంట్లోకి పోయి ఏడ్చేది. అలా కూర్చుని కూర్చుని, ఒకరోజు ఆయనకి ఒక సందేహం వచ్చింది. దురుద్దేశం ఏమీ లేదు, నిజంగా సందేహమే. లేచి బ్యాంకుకి పోయాడు. వరాహమూర్తి గారు ఎడమ కుర్చీలో ఉన్నారు.

"బాబూ, ఆ యాభై ఒకటీ తొమ్మిదో తారీకున పడినాదన్నారు గదా?"

"పడినది."

"నా డబ్బంతట్లో కలిసిపోనాదన్నారు. బల్లి పడ్డ సాంబారన్నారు."

"అన్నాను."

"నా కాతా పద్నాలుగున ఆపినారు. మద్దిని పదో తారీకున కిస్తీ ఆరువేల నాలుగొందలూ మీ బ్యాంకు కోసుకున్నాది. మరా సాంబారులోంచి ఓ గరిటె మీ విస్తట్లో పడ్డట్టే గదండీ? నాకు తెలీక అడుగుతన్నాను."

ముప్పై ఏళ్ళ సర్వీసులో తన కంటపడని జమ ఒకటి మిగిలిపోయిందని తెలిసి వరాహమూర్తి గారు గిలగిల్లాడారు. నిబంధన తీశారు. 'అనుమానాస్పద ఖాతా నుండి సొమ్ము పొందిన ప్రతి ఖాతాయును అనుమానాస్పదమే' అని ఉంది. బ్యాంకు ఖాతాకు మినహాయింపు ఉన్నట్టు ఎక్కడా లేదు. కిస్తీలు పడేది బ్రాంచి ప్రధాన ఖాతాలో. సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లు, వేలం ప్రకటన ఖర్చు, అన్నీ అందులోంచే.

"తవిటయ్య గారూ, తమరు ఉత్తమ ఖాతాదారులు," అని చేతులు జోడించి చెప్పి, ఒక మీట నొక్కి బ్రాంచి ప్రధాన ఖాతాను స్తంభింపజేశారు.

వేలం ప్రకటనకి డబ్బు కదల్లేదు కాబట్టి వేలం ఆగింది. నెలాఖరున జీతాలు పడలేదు. శేషఫణి గారు వచ్చి ఎడమ కుర్చీ మీద అరిచారు. ఆ యాభై ఒకటి చెల్లించినవాణ్ణి హాజరుపరచమని వరాహమూర్తి గారు వినయంగా కోరారు. "పాములా పాకినవాణ్ణి నేనెక్కడ పట్టుకొచ్చేది?" అని శేషఫణి గారు కేకలు వేస్తే, ఆయన మంచినీళ్ళిచ్చారు.

జీతాలు పడకపోవడంతో నవంబరు పదిన సిబ్బంది ఇళ్ళ రుణాల కిస్తీలు తప్పాయి. బ్యాంకు ఉద్యోగి నలుగురికీ ఆదర్శంగా ఉండాలి కాబట్టి, ఉద్యోగి బాకీపడితే మొదటి నెలలోనే పూర్తి మేళం వెళ్ళాలని ఉత్తర్వులో శేషఫణి గారే ఒక వాక్యం చేర్చి ఉన్నారు. దానికే షీల్డు వచ్చింది. కుడి కుర్చీలో కూర్చున్న వరాహమూర్తి గారు జాబితా తయారుచేశారు. మొదటి పేరు శేషఫణి, రెండో పేరు వరాహమూర్తి, ఆ తర్వాత అయిదుగురు. ఏడుగురికీ ఏడు గుమ్మాలు తిరగడం దండగని, పనిచేసే గుమ్మం ఒకటే కాబట్టి బ్యాంకు గుమ్మంలోనే ఒకే విడతగా కానిద్దామని నిర్ణయించారు. మేళం కావాలి. మేళం బ్యాంకు వెనక గదిలో ఉంది. 'విధి నిర్వహణ నిమిత్తం తాత్కాలికంగా విడుదల' అని రాసి, తవిటయ్యకి కబురుపెట్టి, వాయిద్యాలు చేతికిచ్చారు. కాంట్రాక్టు లేదు కాబట్టి ఈ ఒక్కసారికీ ఉచితంగా వాయించమన్నారు. తవిటయ్య బేరమాడలేదు.

వెనక గదిలోంచి క్లారినెట్టు తీసి తవిటయ్య దుమ్ము తుడిచాడు. చంటిపిల్లని ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నట్టుంది ఆయనకి. ఏడుగురూ వచ్చారు. ఊరు ఊరంతా వచ్చింది. సూర్నారాయణ కొట్టు కట్టేసి మరీ వచ్చాడు. బ్యాంకు గడప మీద ఏడుగురు ఉద్యోగులు చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. వరాహమూర్తి గారు వరసలో నిలబడి సిగ్గుపడుతూ, మధ్యమధ్య ఇవతలికి వచ్చి మిగతావాళ్ళు తగినంత పడుతున్నారో లేదో చూసి, మళ్ళీ వెళ్ళి నిలబడుతున్నారు.

శేషఫణి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తవిటయ్యా, ఆపవయ్యా. మా ఆవిడ వీడియో చూస్తది," అన్నారు గొంతు తగ్గించి.

గౌరమ్మ మాట గుర్తొచ్చి తవిటయ్యకి నిజంగానే జాలేసింది. ఊదకుండా నిలబడిపోయాడు. కానీ ఆయన ఆపినా జనం ఆపనివ్వలేదు. డ్రమ్ములు ఆగలేదు. వీడియోలు క్షణాల్లో హెడ్డాఫీసు దాకా పోయాయి.

హెడ్డాఫీసు పెద్దలు అంతవరకూ ఎన్నో వీడియోలు చూసి చప్పట్లు కొట్టారు గానీ, బ్యాంకు వాళ్ళు సిగ్గుపడుతున్న వీడియో చూడటం అదే మొదలు. గంట తిరగకముందే అత్యవసర ఉత్తర్వు వచ్చింది. పదివేల లోపు అనుమానాస్పద జమలు బ్యాంకు విషయంలో అనుమానించదగినవి కావనీ, ప్రధాన ఖాతాను తక్షణం విడుదల చేయాలనీ. జీతాలు పడ్డాయి. కిస్తీలు బ్యాంకు కోసుకుంది. ఉద్యోగులు గడప దిగి లోపలికి పోయి టీ తెప్పించుకున్నారు.

తవిటయ్య కూడా లోపలికి పోయి ఎడమ కుర్చీ దగ్గర నిలబడ్డాడు.

"మరి నాదండి?"

"ఉత్తర్వులో 'బ్యాంకు విషయంలో' అని ఉన్నది. తమరిది వ్యక్తిగత ఖాతా. నాట్యం చేసిన వ్యక్తిని హాజరుపరచవలెను," అన్నారు వరాహమూర్తి గారు. అన్నాక ఆయనే కాస్త తల దించుకున్నారు. ఆ సిగ్గు మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు.

తవిటయ్య బయటికి వచ్చాడు. వాయిద్యాలు వెనక గదిలో పెట్టమని ఎవరూ చెప్పలేదు, టీ తాగుతున్నారు. మేళం మేళంగానే ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున్న వరాహమూర్తి గారు రిక్షా తీసుకుని వచ్చారు. గుమ్మంలో ఎనిమిది మందీ ఎర్రకోట్లు వేసుకుని తయారుగా ఉన్నారు. కార్తీకం మొదటి ముహూర్తం. పక్క ఊళ్ళో పెళ్ళి. మేళం ఇంటికి చేరిందని తెలిసి పెళ్ళివారు రాత్రే వచ్చి, తొమ్మిదివేలూ నోట్లుగా ముందే గౌరమ్మ చేతికిచ్చి వెళ్ళారు.

"సదరు వాయిద్యములు తాత్కాలికంగా విడుదల చేయబడినవి. తిరిగి స్వాధీనపరచవలెను," అన్నారాయన.

"అలగేనండి. జప్తు సేసుకోండి. రూలు పెకారం మేళం తెచ్చుకోండి," అన్నాడు తవిటయ్య.

"మేళం తమరే గదా."

"మేం పెళ్ళికి పోతన్నామండి. మీ కాంట్రాక్టు దసరాతో అయిపోనాది. నిన్న వాయించింది ధర్మానికి."

వరాహమూర్తి గారు ఆలోచనలో పడ్డారు. మేళం లేని జప్తు చెల్లదు. చెల్లని పని ఆయన చేతుల మీదుగా జరగదు. "ఈ చుట్టుపక్కల మరో మేళం లేదా?"

తవిటయ్యకి అబద్ధం ఆడటం రాదు. "కొత్తగుడెంవలసలో ఒకటున్నాదండి. గానీ ఆళ్ళు బ్యాంకోల మాటెత్తితే కర్రలట్టుకుని వస్తన్నారంట. ఆళ్ళ డ్రమ్ము మీదా ఎవుడో యాభై ఒకటి కొట్టీసినాడు."

వరాహమూర్తి గారు నిట్టూర్చి, అరుగు మీద కూర్చుని, తొడ మీద కాగితం పెట్టుకుని రాశారు. 'మేళము లభ్యము కానందున జప్తు చేయుటకు వీలుపడలేదు. లభ్యమైన వెంటనే చేయబడును. అంతవరకు సదరు వాయిద్యములు బాకీదారుని వద్దనే ఉండును.' రాసి, కింద బాకీదారు సంతకం పెట్టమని కలం ఇచ్చారు.

తవిటయ్య ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. బ్యాంకు కాగితం మీద అంత సంతోషంగా, అంత పెద్ద అక్షరాలతో ఆయన సంతకం పెట్టడం అదే మొదటిసారి.